వంద మైకుల మధ్య నిలబడినప్పుడు నాకేమైందంటే

సమాజం మనసు మీద చూపే ప్రభావం గురించి ఒక ఆర్టిస్ట్ చేసిన ఇన్‌స్టలేషన్‌కి (వస్తువులూ వెలుగూ శబ్దాలతో ఒక చోటునే కళగా అమర్చేదానికి) వెళ్లాననీ, వైర్లూ లైట్లూ తప్ప ఏమీ కనిపించలేదనీ మీరు రాశారు. ఇలాంటివి చూసి ఎవరికైనా నిజంగా ఏమైనా అనిపిస్తుందా అని అడిగారు. నాకు అనిపించింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

2019 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, చెల్లీ నేనూ తెనాలిలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కొచ్చి బినాలే, అంటే రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన, చూడడానికి వెళ్లాం. అక్కడ ముంబైకి చెందిన ఆర్టిస్ట్ శిల్పా గుప్తా చేసిన ఒక గది ఉంది. ‘నీ భాషలో నేను ఇమడలేను’ అన్న అర్థం వచ్చే పేరు. 14వ శతాబ్దంలో పుట్టిన అజర్‌బైజాన్ కవి నసీమీ మాటల్లోంచి తీసుకున్నది. తన నమ్మకాల కోసం ఆయన ప్రాణమే పోగొట్టుకున్నాడు.

గదిలో వెలుతురు తక్కువ. నేల మీద వంద ఇనుప చువ్వలు నిలబెట్టి, ఒక్కో చువ్వకి ఒక్కో కాగితం గుచ్చారు. ఆ కాగితాల మీద ఉన్నవి 7వ శతాబ్దం నుంచి మన కాలం దాకా రాతల వల్లో నమ్మకాల వల్లో జైలుపాలైన వంద మంది కవుల పంక్తులు. ప్రతి కాగితం పైనా ఒక మైకు వేలాడుతుంటుంది. మన మాట వినాల్సిన మైకు అక్కడ తనే మాట్లాడుతుంది, దాన్ని స్పీకర్‌లా పనిచేసేట్టు మార్చారు. ఒక మైకు ఒక పంక్తి చదువుతుంది, మిగతావన్నీ కలిసి అందుకుంటాయి. అరబిక్, రష్యన్, హిందీ, ఇంగ్లిష్... చాలావరకు నాకు అర్థం కాలేదు.

ఒక హిందీ కాగితం దగ్గర ఆగాను. చువ్వ సరిగ్గా ఒక మాట మధ్యలోంచి దిగింది. చుట్టూ ఉన్నవన్నీ చదవగలిగాను, ఆ ఒక్క మాటా ఏమిటో తెలియలేదు. వంగి చూస్తుండగా ఒక్కసారిగా వెనక నుంచి గొంతులన్నీ లేచాయి. ఒళ్లు జలదరించింది.

మీరు అడిగిన ప్రశ్నకి నా జవాబు అక్కడే ఉంది. ఆ గొంతులు ఒంటరి కవికి తోడుగా ఉన్నాయని మొదట సంతోషించాను. కాసేపటికి అవే నా మీద పడుతున్నట్టు అనిపించింది. నలుగురి గొంతు ధైర్యమూ ఇస్తుంది, నోరూ నొక్కేస్తుంది. ఈ రెండూ ఒకే గదిలో, ఒకే చప్పుడుగా వినబడడం నేను మరెక్కడా ఎరగను.

జైలు కవులంటే మనకి కొత్తేం కాదు. దాశరథి గారు నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారని చిన్నప్పుడే చదువుకున్నాం. కానీ ఆ రోజు నాకు గుర్తొచ్చింది నా సంగతి. ఇంటర్‌లో కవితలు రాసేదాన్ని. సాయంత్రం ఒంటరిగా కాలువ గట్టు మీద నడవాలని ఉందని రాసిన కవిత ఒకటి కాలేజీ మ్యాగజైన్‌లో వచ్చింది. ఒక పెళ్లిలో బంధువు ఒకాయన దాన్ని అందరి ముందూ చదివి వినిపించి, “ఎవరితోనమ్మా ఆ నడక?” అన్నాడు. అందరూ నవ్వారు. ఇంట్లో ఎవరూ రాయొద్దనలేదు. అమ్మ మాత్రం “ఎందుకే, నలుగురూ ఏమనుకుంటారు” అంది. తర్వాత పెన్ను పట్టినప్పుడల్లా ఆ నవ్వే ముందు వినబడేది. కొన్నాళ్లు వెన్నెల గురించీ సముద్రం గురించీ రాశాను. ఆ తర్వాత అవీ మానేశాను. నన్ను ఎవరూ ఏ జైల్లోనూ పెట్టలేదు, కాపలా నేనే కాశాను.

శిల్పా గుప్తా చేసిన పని ఇంకొకటి కూడా చెప్పాలి. 2002లో గుజరాత్ అల్లర్ల తర్వాత, ఎర్రటి ద్రవం నింపిన చిన్న సీసాలు ముంబై లోకల్ రైళ్లలో జనానికి చూపిస్తూ తిరిగింది. మతం, జాతి లాంటి మన చేతిలో లేని వాటికి ఒకరినొకరు నిందించుకోవడం మీద చేసిన పని అది. అది నేను చూడలేదు, కానీ పక్క సీటు మనిషి చేతికి ఆ సీసా వస్తే ఆ ముఖం ఎలా మారి ఉంటుందో ఊహించగలను.

అందుకని ఈసారి వెళ్తే గోడ మీది వివరణ ముందు చదవకండి. ఒక్క చోట పది నిమిషాలు నిలబడండి. అర్థమైందా లేదా అని టెన్షన్ పడకుండా, అక్కడ మీకు ఎవరి మాట గుర్తొస్తుందో గమనించండి. అన్ని గదులూ పనిచేయవు. నేను చూసినవాటిలో చాలా వాటి నుంచి ఏమీ అనిపించకుండానే బయటికొచ్చాను.

తిరుగు ప్రయాణంలో చెల్లి “అక్కా, ఆ నోట్‌బుక్ ఉందా?” అని అడిగింది. ఇంటికి రాగానే అటక మీంచి దింపాం. చివరి పేజీలో మూడు పంక్తులు గట్టిగా కొట్టేసి ఉన్నాయి. లైటు కింద పెట్టి చూస్తే రెండు చదవగలిగాం.