అసలు దెబ్బ సలామిస్‌లో

ప్రశ్న: 300 మంది స్పార్టా వీరులే పర్షియా సేనను తిప్పికొట్టారని మా అబ్బాయి వాదిస్తున్నాడు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లేదమ్మా. ఆ 300 మంది పోరాడిన థర్మోపిలే కనుమ దగ్గర, క్రీ.పూ. 480లో, గ్రీకులు ఓడిపోయారు. చివరిదాకా నిలబడ్డవాళ్ళలో థెస్పియా ఊరివాళ్ళు 700 మంది ఉన్నారు. పాపం, వాళ్ళ ఊసెత్తేవాళ్ళే లేరు. ఆపైన పర్షియన్లు ఏథెన్స్‌ను తగలబెట్టారు.

కథ మలుపు తిరిగింది ఓడల వల్ల. అంతకు కొన్నేళ్ళ ముందు ఏథెన్స్‌వాళ్ళ లారియన్ గనుల్లో వెండి బాగా పడింది. తలా 10 డ్రాక్మాలు (వెండి నాణేలు) పంచేసుకుందామనుకున్నారు జనం. ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లిస్ అడ్డుపడి, ఆ సొమ్ముతో ఓడలు కట్టించాడు. ఒక్కో ఓడలో తెడ్లు వేసేవాళ్ళే 170 మంది. మూడు వరసల్లో, ఒకరి నెత్తిన ఒకరు కూర్చున్నట్టే. కింద వేసుకోవడానికి ఎవరి మెత్త వాళ్ళదే! చాలామంది పొలం పుట్రా లేని పేదలు.

ఏథెన్స్ దగ్గరి సలామిస్ దీవి పక్క ఇరుకు జలసంధిలో, ఈ ఓడల ధాటికి పర్షియా ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే చక్రవర్తి జెర్క్సీస్ గట్టు మీద కూర్చుని చూశాడు. మరుసటి ఏడు ప్లాటియా దగ్గర మిగిలిన సేనా ఓడింది. అక్కడ మాత్రం స్పార్టావాళ్ళదే పైచేయి. ఆ మేరకు మీవాడు గెలిచినట్టే.