సంతకం ఎవరిది?

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిగా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో, బస్సుల్లో తెల్లవాళ్లకూ తమకూ వేర్వేరు సీట్లు పెట్టినందుకు నిరసనగా 1955లో నల్లజాతీయులు బస్సులు మానేసి నడిచిన రోజులను కళ్లకు కట్టావు. అయితే చివరికి వచ్చేసరికి ‘ప్రజాశక్తి ముందు పాలకులు తలవంచారు’ అనేశావు. పెన్సిల్ అక్కడ ఆగింది.

ఎవరయ్యా తలవంచింది? 381 రోజులు నడిచినా ఆ నగర పాలకులు దిగిరాలేదు. పైగా నాయకుల మీద కేసులు పెట్టారు. నలుగురు మహిళలు ఫెడరల్ కోర్టులో వేసిన దావాలో, బస్సుల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని తీర్పు వచ్చింది. 1956 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. డిసెంబరులో ఆ ఉత్తర్వు చేతికి అందాకే జనం మళ్లీ బస్సెక్కారు. నగరం, రాష్ట్రం కలిసి మూసిన తలుపును వాటి పైనున్న న్యాయస్థానం తెరిచింది. నడక వృథా అనడం లేదు. అది లేకుంటే ఆ దావా వెనుక అంతమంది నిలబడేవారు కాదని నా నమ్మకం. కానీ పాలకుల మాట కాదనగల కోర్టే లేని దేశంలో అవే కాళ్లు అంతే దూరం నడిచి ఉంటే?

అందుకే ఉద్యమం గురించి రాయబోయే ముందు నేను కాగితం మీద ఒక ప్రశ్న రాసుకుంటాను: వీళ్లు కోరింది జరగాలంటే చివరి సంతకం ఎవరిది? ఆ సంతకం పెట్టేవాడు ఎవరికి జడుస్తాడు? ఓటరుకా, కోర్టుకా, మిత్రపక్షానికా, సైన్యానికా? జవాబు దొరికేదాకా వ్యాసం మొదలుపెట్టను. వయసులో ఉన్నప్పుడు అలా చేయలేదు. అప్పటి నా రాతల్లో గెలిచిన వాళ్లంతా వీరులే, ఓడిన వాళ్లంతా అనైక్యత వల్లే ఓడారు. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

ప్రజాస్వామ్యమైతే చాలుననుకోకు. న్యూజీలాండ్ పార్లమెంటు 1893లోనే మహిళలకు ఓటు ఇచ్చింది. ప్రతి పెద్ద విషయాన్నీ ప్రజలనే అడిగే స్విట్జర్లాండ్‌లో అది 1971 దాకా రాలేదు. అక్కడ రాజ్యాంగం మార్చాలంటే జనం ఓటు వేయాలి. అప్పట్లో ఆ జనం అంటే మగవాళ్లే. 1959లో వాళ్లలో దాదాపు 67 శాతం వద్దన్నారు. తమ హక్కును పంచుకోవాలా వద్దా అని ఉన్నవాళ్లనే అడిగితే ఏమంటారు మరి! అప్పెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే కాంటన్‌లో (అక్కడి రాష్ట్రం లాంటిది) స్థానిక ఓటు హక్కు కోసం 1990లో అత్యున్నత న్యాయస్థానమే కలగజేసుకోవలసి వచ్చింది.

అదే ప్రజాభిప్రాయ సేకరణ ఆస్ట్రియాలో ఉద్యమకారులకు వరమైంది. త్స్వెంటెన్‌డోర్ఫ్‌లో అణు విద్యుత్ కేంద్రం కట్టడం పూర్తయింది, స్విచ్ వేయడమే తరువాయి. 1978 నవంబరులో ఓటింగు జరిగితే 50.47 శాతం వద్దన్నారు. తేడా సుమారు 30 వేల ఓట్లు. ఆ కేంద్రం ఒక్క రోజూ నడవలేదు. అంతకు ముందు ఏడాదే ఫ్రాన్స్‌లో క్రే-మాల్విల్ రియాక్టర్‌ను వ్యతిరేకిస్తూ వేలమంది కదిలారు, ఒక నిరసనకారుడు ప్రాణం కోల్పోయాడు. రియాక్టర్ మాత్రం ఆగలేదు. అప్పట్లో అక్కడ అణు విధానం ప్రభుత్వం, ప్రభుత్వ విద్యుత్ సంస్థ తేల్చుకునే వ్యవహారం. జనాన్ని అడిగే పద్ధతి లేదు. దాన్ని మూసేస్తామన్న ప్రకటన 1997లో వచ్చింది, పర్యావరణవాదుల గ్రీన్స్ పార్టీ సంకీర్ణ ప్రభుత్వంలో చేరాక. ఫ్రెంచి వాళ్లకు తెగువ తక్కువా? కాదే!

ఇలా రాస్తే మనుషులు కనుమరుగై యంత్రాంగమే మిగులుతుందని నీకు భయం కలగవచ్చు. ఆ భయం మంచిదే. 1989 జూన్ 4న కమ్యూనిస్టు పాలనలోని పోలండ్‌లో ప్రతిపక్షం కూడా నిలబడ్డ ఎన్నికలు జరిగాయి, అదే రోజు కమ్యూనిస్టు చైనా రాజధాని బీజింగ్‌లో నిరసనకారుల మీద తుపాకులు పేలాయి. తేడాను వ్యవస్థ ఒక్కటే నిర్ణయించలేదు. ట్యాంకులు పంపకూడదని, పంపాలని ఎక్కడో మనుషులే నిర్ణయించారు. ఆ మనుషులు ఎవరో వెతికి రాయి.

ఇక నీ వ్యాసం. ఏడో పేజీలో ఒక్క ముక్కలో తేల్చేసిన దావాను పైకి తీసుకురా. ఆ నలుగురి పేర్లూ నీ వ్యాసంలో లేవు. వాళ్లలో క్లాడెట్ కాల్విన్ ఒకరు. సీటు వదలనన్నందుకు, ఎవరి అరెస్టుతో ఈ బస్సుల బహిష్కరణ మొదలైందో ఆ రోజా పార్క్స్ కన్నా తొమ్మిది నెలల ముందే అరెస్టయింది. అప్పటికి ఆ అమ్మాయికి పదిహేనేళ్లు. అక్కడ నుంచి మొదలుపెట్టి చూడు, మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
నీ పెన్సిల్ మాస్టారు