మేకు దిగితే డిపాజిట్ గోవిందా

తమ్ముడూ, అమలాపురం నుంచి డాలస్ వచ్చి నెల తిరక్కుండానే గోడలు బోసిగా ఉన్నాయని టెన్షన్ పడుతున్నావంటే ముచ్చటేసింది. మేం పరుపు కొనడానికే ఆర్నెల్లు ఆలోచించిన వాళ్ళం. సరే, అడిగావు కాబట్టి చెబుతాను.

నా మొదటి తప్పు ఈఫిల్ టవర్. సేల్‌లో ఉందని 120 డాలర్లు పోసి మూడు ముక్కల కాన్వాస్ కొన్నాను. భోజనానికొచ్చిన పాలకొల్లు మిత్రుడు "పారిస్ ఎప్పుడెళ్ళావురా?" అన్నాడు. వెళితేగా!

పోనీ మన రేవే పెడదామని, నరసాపురం–సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద తీసిన ఫొటో వాట్సాప్‌లో తెప్పించి 24 బై 36 అంగుళాలకు ప్రింటు వేయించాను. ఇంకో 90 డాలర్లు. వాట్సాప్ ఫొటోని కుదించేస్తుందని మనకేం తెలుసు? మోటార్‌సైకిళ్ళు, కొబ్బరి బోండాలు, గొడుగేసుకున్న మా మేనత్త, అన్నీ కలిపి గరిటెతో తిప్పినట్టు వచ్చాయి. అసలు ఫైలు డాక్యుమెంటుగా పంపమను. ఆ సైజుకి 3600 బై 5400 పిక్సెళ్ళయినా లేకపోతే చిన్నదానికి దిగు, డబ్బూ మిగులుతుంది.

ఇక్కడి గోడలు మన ఇటుక గోడలు కావు. పైన జిప్సం అట్ట, లోపల బోలు, మామూలుగా 16 అంగుళాలకో చెక్క. నేను ఊళ్ళో కొట్టినట్టే మేకులు కొట్టాను. అర్ధరాత్రి ఫ్రేము గోడ పెచ్చుతో సహా ఊడిపడింది. ఖాళీ చేసేటప్పుడు 11 కన్నాలకు డిపాజిట్లో 275 డాలర్లు పట్టుకున్నారు. రూపాయల్లోకి మార్చి చూడకు, నిద్ర పట్టదు. నేను మార్చాను. లీజులో ఏముందో నువ్వే చదువుకో. మేకుల బదులు అంటించే పట్టీలు వాడు, ఎంత బరువు ఆపుతాయో ప్యాకెట్ మీదే ఉంటుంది.

బొమ్మ నడిమధ్య నేలకి 57 అంగుళాల ఎత్తులో ఉంటే కంటికి సరిపోతుంది. ఎండ పడే గోడ వద్దు, వెలిసిపోతుంది.

ఏం పెట్టాలంటావా? 1997లో రైళ్ళు ఆపేసిన రాజమండ్రి హేవలాక్ వంతెన మీద మీ నాన్నగారు ప్రయాణించిన రోజుల ఫొటో ఏదైనా ఉందేమో అడుగు. అమ్మ పెట్టెలో నరసాపురం లేసు ముక్కున్నా చాలు, ఫ్రేములో బ్రహ్మాండంగా ఉంటుంది. రెండూ ఊరికే వచ్చేవే. ఫ్రేములు కూడా కొత్తవెందుకు, పాత సామాన్ల షాపులో 3 డాలర్లకి దొరుకుతాయి. నా ఈఫిల్ టవర్ అక్కడే ఇచ్చేశాను. మొన్న వెళ్తే ఇంకా అక్కడే ఉంది, 8 డాలర్ల చీటీతో.