ముహూర్తం సంగతి సరే, గరిటెజారుగా మాత్రం పెట్టకండి

పాపకు ఐదో నెల నడుస్తోంది, ఆడపిల్లకు బేసి నెల మంచిదని అత్తగారు ఇప్పుడే అన్నప్రాశన చేసేద్దామంటున్నారు, చేయొచ్చా, ఆ తర్వాత ఏం పెట్టాలి అని అడిగారు. ఏడు కూడా బేసి నెలే కదండీ. ఏడో నెల వచ్చిందంటే ఆరు నెలలు నిండినట్టే, తల్లిపాలు ఒక్కటే చాలని డాక్టర్లు చెప్పే 180 రోజులు అక్కడికే వస్తాయి. మన ఇళ్ళల్లో తికమకంతా నెల నడవడానికీ నిండడానికీ తేడా చూడకపోవడం వల్లే. ఆరో నెల అన్నామంటే నిండింది ఐదే. ఏడో నెలలో ముహూర్తం పెట్టించండి, అత్తగారు కాదనరు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. మాది కనిగిరి దగ్గర పల్లె, పుట్టిల్లు కావలి. మా పాపకు ఏడో నెలలోనే అన్నప్రాశన చేశాం, అంతా పద్ధతిగానే జరిగింది. మర్నాటి నుంచి రాగిజావ, అన్నం వార్చిన గంజి, పప్పు మీద తేరిన నీళ్ళు. చంటిబిడ్డ గొంతుకు ఏం పడుతుందోనని అన్నీ పలచగా, గుడ్డలో వడగట్టి మరీ పట్టేవాళ్ళం. గిన్నె ఖాళీ అయితే చాలు, కడుపు నిండిందనుకునేదాన్ని. ఏడు నెలలు నిండినప్పుడు 6.9 కిలోలు ఉన్న పిల్ల తొమ్మిది నిండేసరికి 7 కిలోలే ఉంది. అంగన్‌వాడీలో ఎదుగుదల కార్డు మీద బరువు గీత పైకి పోకుండా అడ్డంగా సాగింది. ఆ గీత చూసి నాకు రెండు రాత్రులు నిద్ర లేదు.

టీచరమ్మ నన్నేమీ అనలేదు. "రేపు బిడ్డకి పెట్టేది గిన్నెతో సహా పట్టుకు రామ్మా" అంది. తీసుకెళ్ళాను. స్పూనుతో జావ తీసి పక్కకు వంచితే మొత్తం జారిపోయింది. తర్వాత తన క్యారేజీలోంచి పప్పన్నం చేత్తో మెత్తగా మెదిపి, అదే స్పూనుతో తీసి వంచింది. అది కదల్లేదు. "చూశావా, బిడ్డ పొట్ట గుప్పెడంత. దాన్ని నీళ్ళతో నింపేస్తే ఇంక అన్నానికి చోటేడుంటది?" అంది. ఎవరెన్ని చెప్పినా ఎక్కని సంగతి నాకు ఆ స్పూనుతో ఎక్కింది.

ఆ పూటే పెసరపప్పు, బియ్యం కలిపి వండి, మెదిపి, నెయ్యి వేసి పెట్టాను. రెండో ముద్దకే పొలమారినట్టు కక్కుకుంది. మా అత్త "బిడ్డని చంపుతావా ఏందే" అని లాక్కోబోయింది. నాకూ చేతులు వణికాయి. కానీ శబ్దం చేస్తూ, దగ్గుతూ బయటికి తోస్తుంటే భయం లేదు, పిల్ల తనే సర్దుకుంటుంది. శబ్దం రాకుండా, ఊపిరాడక రంగు మారితేనే ప్రమాదం. ఈ తేడా ఇంట్లో అందరికీ తెలిసుండాలి. పల్లీలు, ద్రాక్షపళ్ళు లాంటివి నలపకుండా అలాగే నోట్లో పెట్టనే పెట్టకండి. నెల తిరిగేసరికి మా పాప 7.4 కిలోలైంది. అత్త తర్వాత తనే మెదపడం మొదలుపెట్టింది.

మొదట్లో రెండు మూడు చెంచాలు చాలు, తొమ్మిది నెలలు నిండేదాకా రోజుకు రెండు మూడుసార్లు, మెల్లగా పూటకు అరకప్పు దాకా పెంచండి. తల్లిపాలు మాత్రం రెండేళ్ళదాకా ఆపొద్దు. ఆరు నెలలు దాటాక తల్లిపాలలోని ఐరన్ ఒక్కటే చాలదు, అందుకే గుడ్డు, ముల్లు తీసిన చేప, ఆకుకూర పప్పు ముందునుంచే పెట్టాలి. మనవైపు చేపలకేం తక్కువ, కొరమీను ఉడికించి కారం లేకుండా పెట్టండి. ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర వద్దు. ముహూర్తం రోజు ఎవరైనా నాలిక మీద తేనె రాస్తామంటే గట్టిగా అడ్డం పడండి, ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదకరం.

ఇంకో మాట కూడా చెప్పాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఉంటుంది, మరిగిస్తే అది పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బిడ్డకు వండే నీళ్ళైనా శుద్ధి చేసినవి వాడండి. బస్సులో టీలో ముంచిన బిస్కెట్ చంటిపిల్లల నోట్లో పెట్టేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. టీ తాగించాక అన్నంలోని ఐరన్ ఏం ఒంటబడుతుంది? సెల్‌ఫోన్ చూపించి ముద్ద మింగించడమూ అంతే, కడుపు నిండిందో లేదో పిల్లకే తెలియకుండా పోతుంది.

ఈ నెలా, వచ్చే నెలా మీ పాలు చాలు. మంచినీళ్ళు కూడా అక్కర్లేదు.