సమాధానం: కరెంటు పోయినప్పుడల్లా మండీ లెక్కలు తేడా వస్తున్నాయి

అన్నా, దామలచెరువు మండీలో తోతాపురి లోడు ఎక్కిస్తుండగా కరెంటు పోతే, లోడ్ల టేబుల్‌లో బరువు పడుతోంది, రైతు ఖాతాలో బాకీ మాత్రం పాతదే ఉంటోంది అన్నారు కదా. తప్పు మీ లెక్కలు దాచే డేటాబేస్ ఎస్‌క్యూలైట్‌ది కాదు. మీ ప్రోగ్రాం ఆ రెండు మార్పులనూ విడివిడిగా రాస్తోంది.

ముందు బిగిన్ (మొదలు అని చెప్పే ఆదేశం), తర్వాత రెండు మార్పులూ, చివర కమిట్ (ఖాయం చేసే ఆదేశం) పెట్టండి. అప్పుడు పడితే రెండూ పడతాయి, లేదంటే రెండూ పడవు. కమిట్ కాకముందే సిస్టమ్ ఆగిపోతే, మళ్లీ తెరిచినప్పుడు ఎస్‌క్యూలైట్ తన జర్నల్ ఫైలు (మార్పుకు ముందున్నది రాసిపెట్టుకునే ఫైలు) చూసుకుని సగంలో ఆగినదాన్ని రద్దు చేస్తుంది. అసలు పడని లోడును కాటా చీటీ చూసి మళ్లీ ఎక్కించుకోవచ్చు. సగం పడినది కనిపెట్టడమే కష్టం, అది రైతు డబ్బు కూడా.

నన్నడిగితే బాకీని విడిగా దాచనే వద్దు. లోడ్లు, చెల్లింపుల నుంచి అప్పటికప్పుడు లెక్క కట్టించండి. ఒకే అంకె రెండు చోట్ల ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తేడా వస్తుంది.

రైతును జాబితాలోంచి తీసేసినా అతని పేరు మీద లోడ్లు మిగిలిపోతున్నాయని కూడా అన్నారు, దానికి కారణం వేరు. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ తనిఖీ (లోడులో ఉన్న రైతు నిజంగా రైతుల టేబుల్‌లో ఉన్నాడా అని చూసేది) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ప్రోగ్రాం డేటాబేస్‌కు కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ప్రాగ్మా అనే సెట్టింగు ఆదేశంతో ఆన్ చేయాలి. ఇది తెలియక నాకూ రెండు రోజులు పోయాయి.

ఫ్యాక్టరీకి పంపే జేసన్ ఫైలును (వివరాలు పంపే టెక్స్ట్ ఫైలు) నేరుగా దిద్దకండి, మధ్యలో కరెంటు పోతే అదీ సగంలో ఆగిపోవచ్చు. పక్కన కొత్త ఫైలు పూర్తిగా రాసి, డిస్క్‌కు చేరాక, పాత పేరుకు మార్చండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు ప్రోగ్రాం మూసేసి డేటాబేస్ కాపీ తీసుకోండి. పక్కన జర్నల్ ఫైలు కనిపిస్తే దాన్నీ కలిపే కాపీ చేయండి.