వార్డు నుంచి ఇంటికి వెళ్లే ముందు

నెల్లూరు

చిరంజీవి చిన్నమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోనులో, "పేషెంటు చనిపోయినా నాకిప్పుడు ఏమీ అనిపించడం లేదు పెద్దమ్మా, నేను రాయినైపోయానా?" అని అడిగావు. అప్పుడు నాకు నోట మాట రాలేదు. రాత్రంతా అదే ఆలోచన.

2021 మే నెల, కరోనా రెండో అల. అప్పుడు నేనూ నీలాగే వార్డులో నర్సుని. ఆక్సిజన్ పడక కోసం జనం బయట అంబులెన్సుల్లోనే ఎదురుచూస్తున్న రోజులు. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒకావిడ భర్త తెల్లవారుజామున పోయాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే నా మనసులో మెదిలింది ఒక్కటే: మంచం ఖాళీ అయింది. చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయాను. అంత సర్వీసులో ఎన్నడూ అలా చేసినదాన్ని కాదు. ఇంటికి వచ్చాక కూడా ఏడుపు రాలేదు. అదే నన్ను భయపెట్టింది.

దీన్ని కంపాషన్ ఫెటీగ్ అంటారని తరువాత తెలిసింది. 1992లోనే కార్లా జాయిన్‌సన్ అనే రచయిత్రి నర్సుల గురించి రాస్తూ ఈ మాట వాడారు. పని ఎక్కువై నీరసపడటం వేరు. ఇది పరుల బాధను రోజూ మోసి మోసి మనసు మొద్దుబారడం. మన వార్డుల్లో రెండూ కలిసే వస్తాయనుకో. జాలి లేనివాళ్లకు ఇది రాదు తల్లీ. నువ్వు రాయివి కావు.

నిద్ర పట్టకపోవడం, పేషెంట్లు కలలోకి రావడం, ఇంట్లో చిన్న మాటకే విసుక్కోవడం, ఒక మంచం దగ్గరకు వెళ్లాలంటే కాళ్లు ఆడకపోవడం. వీటిలో ఏది కనిపించినా తేలిగ్గా తీసుకోకు.

డ్యూటీ దిగేటప్పుడు కేస్ షీట్లు అప్పగిస్తావు కదా, మనసులో ఉన్నదీ అప్పగించడం నేర్చుకో. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. చివరిసారి చేతులు కడుక్కునేటప్పుడు ఆ రోజు పోయినవాళ్లను పేరుతో తలచుకునేదాన్ని. ఆ తరువాతే గేటు దాటేదాన్ని. తోటి సిస్టర్ ఒకరితో, పేషెంటు వివరాలు బయటపెట్టకుండా, "ఈ రోజు నాకు ఇలా అయింది" అని చెప్పుకోవడం అంతకంటే ఎక్కువ మేలు చేసింది. వరుసగా మరణాలు చూశాక కొన్నాళ్లు వేరే వార్డు వేయమని ఇంఛార్జ్‌ని అడుగు. అది తప్పించుకోవడం కాదు. ఇద్దరి పని ఒకరితో చేయిస్తూ, ధ్యానం చేసుకో అని చెబితే సరిపోదని నా గట్టి అభిప్రాయం. సిబ్బందిని చూసుకోవడం ఆసుపత్రి బాధ్యత కూడా.

ఇంకో మాట. మనల్ని దేవతలంటారు. నాకు ఆ మాట నచ్చదు. దేవతకు ఆకలి ఉండదు, సెలవు అక్కర్లేదు. నీకు రెండూ కావాలి. నైట్ డ్యూటీ దిగి తినకుండా పడుకోకు.

నాతో చెప్పుకోలేనిది ఏదైనా ఉంటే 14416కి ఫోను చెయ్యి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ మొద్దుతనం వారాల తరబడి వదలకపోయినా, బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ని కలువు.

ఆదివారం నీకు ఆఫ్ అన్నావు కదా. పొద్దున బస్సుకే ఒంగోలు వస్తాను. కొత్తపట్నం సముద్రం దగ్గర కూర్చుందాం. ఏడో మంచం ముసలాయన గురించి మొదలుపెట్టి సగంలో ఆపేశావు. మిగతాది అక్కడ చెబుదువుగాని.

నీ పెద్దమ్మ