ఉదయం 7 గంటలకు వేసిన సూది మత్తు డాక్టరుకు తెలుసా?

ప్రశ్న: గర్భిణిగా ఉన్నప్పుడు కాలిలో రక్తం గడ్డకట్టిందని మా ఆవిడకు రక్తం గడ్డకట్టకుండా పలచబరిచే ఎనాక్సాపరిన్ ఇంజక్షన్లు వేసేవారు. కాన్పు రోజు ఉదయం 7 గంటలకు వార్డులో నర్సు అదే వేసింది. 10 గంటలకు ఉన్నట్టుండి సిజేరియన్ అన్నారు. బయటి నుంచి వచ్చిన మత్తు డాక్టరు వెన్నులో మత్తు ఇచ్చారు. బాబు క్షేమమే కానీ, వెన్నులో రక్తం చేరి తల్లి కాళ్లు చచ్చుబడ్డాయి. 20 నెలలుగా మంచంలోనే ఉంది. మా దగ్గర డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఉంది. నర్సు చెప్పలేదని డాక్టరు, చెప్పానని నర్సు. ఇప్పుడు ఆ నర్సే జాలిపడి, పాత షీటులో 'డాక్టరుకు తెలియజేశాను' అని రాసి ఫొటో పంపుతానంటోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ ఫొటో మీ ఫోన్‌లోకి రానే రాకూడదు. దొంగ సాక్ష్యం సృష్టించి వినియోగదారుల కమిషన్ ముందు పెడితే 7 ఏళ్ల వరకు జైలు. ఆ ఒక్క లైను దొంగదని తేలిన రోజు మీ దగ్గరున్న నిజమైన కాగితాలను కూడా ఎవరూ నమ్మరు.

అసలు ఆ లైను మీకు అవసరమే లేదు. ఇద్దరిలో ఎవరిది అబద్ధమో తేల్చాల్సింది మీరు కాదు. సొంత స్టాఫ్ అయినా, పిలిపించిన డాక్టరయినా బాధ్యత ఆసుపత్రిదేనని సవితా గార్గ్ కేసులో 2004లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ కేసును తేల్చేవి రెండు కాగితాలు. నర్సు మందుల చార్టులో సూది వేసిన టైము, మత్తు డాక్టరు షీటులో వెన్నులో మత్తు ఇచ్చిన టైము. ఈ మందు తక్కువ మోతాదైతే కనీసం 12 గంటలు, చికిత్స మోతాదైతే 24 గంటలు ఆగాకే వెన్నులో మత్తు ఇవ్వాలి. ఇక్కడ ఆగింది 3 గంటలు. అర్జంటు అన్నారంటారు. అర్జంటయితే పూర్తి మత్తు ఇచ్చే దారి ఉందిగా. మత్తుకు ముందు నర్సు, మత్తు డాక్టరు కలిసి సరిచూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టు తెచ్చింది 2008లో. అది నింపారో లేదో అడగండి. కాళ్లు కదలడం లేదని మీ ఆవిడ మొదట ఎన్నింటికి చెప్పింది, నర్సు డాక్టరును ఎన్నింటికి పిలిచింది అన్నది కూడా రాబట్టండి. వెన్నులో చేరిన రక్తాన్ని మొదటి 8 గంటల్లో తీసేస్తే కాళ్లు తిరిగి పనిచేసే అవకాశం ఎక్కువ. నా దృష్టిలో మీ కేసులో అన్నిటికన్నా బలమైన పాయింటు ఇదే.

20 నెలలుగా డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే పెట్టుకుని కూర్చున్నారు. ఇది మీ తప్పే. అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్ పెట్టిన 2002 నిబంధన ఉంది. డాక్టర్లు వాటిని దాచాల్సింది 3 ఏళ్లే. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు 2 ఏళ్లు. ఆపరేషన్ రోజు నుంచే లెక్కేసుకోండి, మిగిలింది 4 నెలలు. లాయరు నోటీసు ఇచ్చినా, ఆసుపత్రితో రాజీ మాటలు నడుస్తున్నా ఆ గడువు ఆగదు.

మొత్తం కేస్ షీటు కాపీ కావాలని మీ ఆవిడ సంతకంతో రేపే అర్జీ ఇవ్వండి. కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కాగితాలు రాగానే ప్రభుత్వ వైద్య కళాశాలలో పనిచేసే మత్తు డాక్టరు ఒకరికి చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. ఫిర్యాదు మీ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు.